మెటచెన్ బరోలో నా మొదటి ఓటు

న్యూజెర్సీలో ఉంటున్నామంటే మనవాళ్లు వెంటనే "ఎడిసనేనా?" అంటారు. చాలా ఏళ్లు మేమూ అవుననే చెప్పేవాళ్లం. నిజానికి మా ఇల్లు మెటచెన్‌లో. చుట్టూ ఎడిసన్ టౌన్‌షిప్, మధ్యలో గారెకి చిల్లులా మా బరో. బరో అంటే సొంత ప్రభుత్వం ఉన్న చిన్న పట్టణం. ఏ దిక్కుకి వెళ్లినా ఎడిసన్‌లోనే తేలతాం. విస్తీర్ణం మూడు చదరపు మైళ్ల లోపే. 2020 లెక్కల ప్రకారం జనాభా సుమారు 15 వేలు. కూరగాయలకి ఓక్ ట్రీ రోడ్డు, గుడికి ఎడిసన్‌లోని సాయి దత్త పీఠం, న్యూయార్క్ ఆఫీసుకి మెటచెన్ స్టేషన్‌లో రైలు. మా రోజులు ఇలా గడిచేవి. ఈ ఊరికి సొంతంగా మేయరు, కౌన్సిల్, స్కూల్ బోర్డు, పోలీసులు ఉన్నారని తెలుసు కానీ, గ్రీన్ కార్డు మీద ఓటు లేదు కాబట్టి ఆ సంగతులు మా ఇంట్లో మాటల్లోకి వచ్చేవి కావు.

2023లో నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. ఆ పరీక్ష గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి ఒక్క విషయమే చెబుతాను. అప్పటి వంద ప్రశ్నల జాబితాలో మీ గవర్నరు ఎవరు, మీ సెనేటర్ ఎవరు, మీ రాష్ట్ర రాజధాని ఏది అని ఉండేవి. మీ ఊరి మేయరు గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండేది కాదు. ప్రమాణం అయ్యాక భారత పాస్‌పోర్ట్ సరెండర్ చేసి, విదేశీ పౌరులైన భారతీయులకి ఇచ్చే ఓసీఐ కార్డుకి అప్లై చేశాను. ఆ పాస్‌పోర్ట్ ఇచ్చేసేటప్పుడు చాలా బాధేసింది. దానితోపాటు మా ఊళ్లో నా ఓటు కూడా పోయినట్టే కదా. అక్కడ ఓటు వదులుకున్నాను కాబట్టి, ఇక్కడి ఓటుని తెలిసి, ఆలోచించి వెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

ఓటరుగా నమోదవడం తేలిక. న్యూజెర్సీలో ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ఎన్నికకి 21 రోజుల ముందు పూర్తి కావాలి, అంతే. అసలు పని శాంపిల్ బ్యాలెట్ (ఓటు కాగితం నమూనా) పోస్టులో వచ్చాక మొదలైంది. అది అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది. రాష్ట్ర సెనేట్, అసెంబ్లీ, కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిషనర్లు, బరో కౌన్సిల్, స్కూల్ బోర్డు. ఆ కాగితం మీద నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. మేం రోజూ చూసే వార్తలన్నీ అయితే వాషింగ్టన్‌వి, లేకపోతే హైదరాబాద్, అమరావతివి.

ముందుగా ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చదివాను. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో కడతాం కానీ, డబ్బు ఎవరెవరికి పోతుందో అప్పుడే శ్రద్ధగా చూశాను. ఎక్కువ వాటా స్కూళ్లకి. మిగతాది కౌంటీ, బరో పంచుకుంటాయి. అంటే నా పన్నులో పెద్ద ముక్క ఎలా ఖర్చవ్వాలో తేల్చేది బ్యాలెట్‌లో అన్నిటికన్నా చివర ఉన్న స్కూల్ బోర్డు. అక్కడ అభ్యర్థుల పేర్ల పక్కన పార్టీ ఉండదు. పార్టీని చూసి గీత గీసేద్దామంటే కుదరదు, మనుషుల గురించి తెలుసుకోవాల్సిందే.

మా పక్కింటి పెద్దావిడ రిటైరైన టీచర్. ఆవిడని అడిగితే "ముందు కౌన్సిల్ మీటింగుకి రండి, అక్కడ ఎవరైనా మాట్లాడొచ్చు" అన్నారు. మెయిన్ స్ట్రీట్ మీద బరో హాల్‌లో జరుగుతుంది. మేయరు, ఆరుగురు కౌన్సిల్ సభ్యులు. మేయరుది నాలుగేళ్ల పదవి, సభ్యులది మూడేళ్లు. ఏటా రెండు సీట్లకి ఎన్నిక వస్తుంది. మన సర్పంచిలా మేయరుని జనమే నేరుగా ఎన్నుకుంటారు. కానీ ఈ పద్ధతిలో బలమంతా కౌన్సిల్‌దే. ఓట్లు సమానంగా చీలినప్పుడే మేయరు ఓటు వేస్తారు. ప్రజలు మాట్లాడటానికి కొంత సమయం ఇవ్వాలని రాష్ట్ర చట్టంలోనే ఉంది.

నేనూ మైకు దగ్గరికి వెళ్లాను. మా పాప లైబ్రరీకి నడిచే దారిలో రూట్ 27 దాటాలి. అక్కడ పాదచారులకి ఇంకాస్త భద్రత కల్పించగలరా అని అడిగాను. వాళ్లు చెప్పిన జవాబుతో ఊరి మ్యాప్ నాకు కొత్తగా కనబడింది. రూట్ 27 రాష్ట్రానిది. మెయిన్ స్ట్రీట్ కౌంటీది. మా ఇంటి ముందు వీధి మాత్రమే బరోది. ఇంత చిన్న ఊళ్లో మూడు ప్రభుత్వాల రోడ్లు! రాష్ట్ర రోడ్డు మీద బరో తనంతట తాను మార్పులు చెయ్యలేదు. కౌన్సిల్ తీర్మానం చేసి, ఇంజనీరు ద్వారా రాష్ట్ర రవాణా శాఖని అడగొచ్చు. ఆ తీర్మానం కోసం పట్టుబట్టేది ఎవరు, తల ఊపి ఊరుకునేది ఎవరు అనేది గదిలో కూర్చుంటే తెలిసిపోతుంది. ఎన్నికల కరపత్రాల్లో అది దొరకదు.

ఇంత చిన్న ఊరికి వేరే ప్రభుత్వం ఎందుకు, ఎడిసన్‌లో కలిపేస్తే పన్ను తగ్గదా అని మనవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఈ రాష్ట్రంలో 564 ఊళ్లకి విడివిడిగా ప్రభుత్వాలున్నాయి. ప్రాపర్టీ ట్యాక్సుల్లో దేశంలోనే ముందుండే రాష్ట్రం ఇది. మెటచెన్ 1900 మార్చి 20న రారిటన్ టౌన్‌షిప్ నుంచి విడిపోయింది. ఆ రారిటనే 1954లో థామస్ ఎడిసన్ పేరు పెట్టుకుంది. ఆయన మెన్లో పార్క్ ప్రయోగశాల అక్కడే ఉండేది. కలిసిపోయిన ఊళ్లూ ఉన్నాయి. ప్రిన్స్‌టన్ బరో, టౌన్‌షిప్ 2013లో ఒక్కటయ్యాయి. లెక్కలు చూస్తే విలీనం వైపు వాదనలో బలం ఉంది. అయినా నేను ఇప్పుడు మెటచెన్ విడిగా ఉండాలనే అంటాను. పెద్ద ఊళ్లో అయితే నా ప్రశ్న ఒక ఫైలు నంబరు అయ్యేది. ఇక్కడ ఒక కౌన్సిల్ సభ్యురాలు తర్వాత రైలు స్టేషన్‌లో కనబడి, తీర్మానం సంగతి తనే చెప్పారు.

ఒకప్పుడు రచయితలు, కళాకారులు ఎక్కువగా ఉండటం వల్ల దీనికి 'బ్రెయినీ బరో' అని పేరు వచ్చిందట. ఇంద్రజాలికుడు డేవిడ్ కాపర్‌ఫీల్డ్ పెరిగింది కూడా ఇక్కడే. పాత రైలుమార్గం మీద వేసిన మిడిల్‌సెక్స్ గ్రీన్‌వే బాట మా ఊరి మీదుగా ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్‌లకి వెళుతుంది. సాయంత్రాలు దాని మీద నడుస్తుంటే తెలుగు మాటలు బాగానే వినబడతాయి. మీటింగుల్లో మాత్రం మనవాళ్లు పెద్దగా కనబడరు.

ఓటు రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పోలింగ్ పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా. ముందస్తు ఓటింగ్ కూడా ఉంది. సంతకం పెట్టి లోపలికి వెళ్లాను. కౌన్సిల్, స్కూల్ బోర్డు పేర్ల దగ్గరికి వచ్చేసరికి నాకు ఏ టెన్షనూ లేదు. ఎవరికి, ఎందుకు వేస్తున్నానో తెలుసు. కొత్తగా సిటిజన్లయిన వాళ్లకి ఒక మాట: ఒకే పార్టీ బలంగా ఉన్న ఊళ్లలో అసలు పోటీ జూన్ ప్రైమరీలోనే, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికలోనే, అయిపోతుంది. ఇంతకుముందు ఏ పార్టీలోనూ నమోదు కాకపోతే, ప్రైమరీ రోజున పోలింగ్ కేంద్రంలోనే పార్టీని ఎంచుకుని ఓటు వెయ్యొచ్చు. నవంబరు దాకా ఆగితే సగం నిర్ణయం వేరేవాళ్లు చేసేసి ఉంటారు.

ఎడిసన్‌లో ఉండే మా స్నేహితుడు హెచ్-1బీ మీద ఉన్నాడు. ఇదంతా విని "మాకు ఓటే లేదు కదా తమ్ముడూ, ఎవరు వింటారు?" అన్నాడు. మైకు దగ్గర నన్ను పేరు, అడ్రసు అడిగారు గానీ వీసా ఏమిటని అడగలేదన్నా, మీరూ ఆ ఊరికి పన్ను కట్టేవారే కదా అన్నాను. వాళ్ల వీధి చివర వానొస్తే నీళ్లు నిలుస్తాయి. వచ్చే మీటింగులో ఆ సంగతి మాట్లాడతానన్నాడు. ఏం చెప్పాలో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. నేనూ ఆయనతో వెళ్తున్నాను.