"నాకు అన్నం పెట్టట్లేదు"

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న అత్తగారు భోంచేసి పది నిమిషాలు కాకముందే గుమ్మంలోకి వెళ్లి, ఎదురింటావిడతో "పొద్దున్నుంచి నాకు మెతుకు పెట్టలేదమ్మా" అంటారు. స్నానం చేయించడం, పక్కబట్టలు మార్చడం కంటే కోడలిని ఎక్కువ కుంగదీసేది ఈ మాటే.

ఆవిడ అబద్ధమాడట్లేదు. డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్‌లో తొలి దశలోనే దెబ్బతినేది మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం. కొత్త సంగతులు మెదడులో నిలవాలంటే ఆ భాగం పనిచేయాలి. తిన్నట్టు గుర్తుండదు, తన పెళ్లినాటి సంగతులు మాత్రం చెప్పగలరు. "ఇప్పుడేగా తిన్నారు" అని వాదిస్తే ఆ మాట మరిచిపోతారు, నొచ్చుకోవడం మాత్రం చాలాసేపు ఉండిపోతుంది. తిన్న కంచం కాసేపు ఎదురుగానే ఉంచండి. పూట భోజనాన్ని రెండు మూడుసార్లుగా పెట్టండి. మళ్లీ అడిగితే కాస్త మజ్జిగ ఇచ్చి మాట మళ్లించండి. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు జబ్బు సంగతి ముందే చెప్పాలి. చెప్పాల్సింది కొడుకే. కోడలు చెబితే సంజాయిషీ అనుకుంటారు.

తర్వాతది నిద్ర. పొద్దు వాలగానే కంగారు, "మా ఇంటికి పోతా" అని తలుపు దగ్గరికి పోవడం మొదలవుతాయి. ఉదయం కాసేపు ఎండలో నడిపించండి. పగటి కునుకు అరగంట దాటనివ్వద్దు, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ వద్దు, చీకటి పడకముందే లైట్లు వేయండి. ఇన్ని చేసినా కొన్ని రాత్రులు జాగారం తప్పదు. ఒకటి రెండు రోజుల్లోనే గందరగోళం బాగా పెరిగితే జబ్బు ముదిరిందని ఊరుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి. సొంతంగా నిద్రమాత్ర వేస్తే గందరగోళం పెరుగుతుంది, పడి తుంటి విరిగే ప్రమాదమూ ఉంది.

"ఏదైనా అవసరమైతే చెప్పు వదినా" అనే ఆడపడుచును గంటలు అడగండి: వారానికి రెండు రాత్రులు, ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. అమెరికాలో ఉన్న కొడుకు రాత్రి ఆయా జీతం ఇవ్వొచ్చు. ఇక్కడ సాయంత్రం ఆరంటే న్యూయార్క్‌లో ఉదయమే, ఆ కంగారు వేళ అమ్మను వీడియో కాల్‌లో కూర్చోబెట్టుకోనూ వచ్చు.

చూసుకునేవాళ్లకు "ఈవిడ పోతే బాగుండు" అని ఒక్కోసారి అనిపిస్తుంది. అది అలసట, పాపం కాదు. చెయ్యి లేస్తుందనిపిస్తే పెద్దావిడను భద్రంగా కూర్చోబెట్టి, మరొకరిని పిలిచి, పది నిమిషాలు గది బయటికి రండి. రెండు వారాలుగా ఏడుపు ఆగకపోయినా, వీలు దొరికినా నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.