పంపకం కాగితంలో వాటాలు కూడి చూస్తే

నాన్న 2021లో పోయారు. వీలునామా లేదు. తాతల నాటి మాగాణి నాలుగెకరాలు. వారసులం అమ్మ, ఇద్దరు అన్నయ్యలు, నేను. పంపకం దస్తావేజు రిజిస్టరయ్యేదాకా నా ధ్యాసంతా వాటాల లెక్క మీదే.

పిత్రార్జితం కాబట్టి లెక్క రెండు మెట్లుగా నడుస్తుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. అందుకని ముందు నాన్నకు, అన్నయ్యలకు, నాకు తలా 1/4. మన ప్రాంతంలో ఈ మెట్టులో భార్యకు వాటా ఇవ్వరు. ఆ తర్వాత నాన్న పావును అమ్మతో కలిపి నలుగురం పంచుకోవాలి. పావులో పావు, అంటే మొత్తంలో 1/16. పిల్లలకు 4/16 + 1/16 = 5/16. అమ్మకు 1/16 మాత్రమే.

డాక్యుమెంట్ రైటర్ ఇచ్చిన చిత్తుప్రతిలో మాకు తలా 5/16, అమ్మకు 1/4 అని ఉంది. దేనికది చూస్తే బాగానే ఉంది. కూడి చూశాను: 15/16 + 4/16 = 19/16. ఒకటి దాటిపోయింది! సెంట్లలో చూస్తే మాకు 125 చొప్పున 375, అమ్మకు 100, మొత్తం 475. పొలం ఉన్నదేమో 400. నాన్న పావులో పావును మొత్తంలో పావుగా రాసేశారు. అలాగే రిజిస్టరైతే ఒకరి షెడ్యూలు, అంటే దస్తావేజులో వాళ్ల వాటా భూమి వివరం, ఇంకొకరి హద్దుల్లోకి వెళ్లి, గొడవ కోర్టుకెక్కుతుంది. ఒకటికి తగ్గినా చిక్కే. మిగిలిన ముక్క 1-బిలో, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులో, నాన్న పేరునే ఉండిపోతుంది.

మా బాబాయి అణాల్లో సరిచూశాడు. "తలా అయిదణాలు, వదినకి అణా. పదహారూ సరిపోయాయమ్మా."

లెక్క సరిపోయింది గానీ నాకు మనసొప్పలేదు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పొలంలో నాట్లేసి, కలుపు తీసిన మనిషికి పాతిక సెంట్లా? పెద్దన్నయ్యే అన్నాడు, "మనం తలా పాతిక సెంట్లు అమ్మకి వదిలేద్దాం" అని. 5/16లో 1/16 పోతే మాకు 4/16, అమ్మకు 1/16 + 3/16, అదీ 4/16. నలుగురికీ ఎకరం చొప్పున. అందరూ ఒప్పుకుంటే అలా రాసుకోవచ్చు.

సర్వేయరు కొలిచి స్కెచ్ వేశాక, నాలుగు షెడ్యూళ్ల విస్తీర్ణం మళ్లీ కూడి 400 సెంట్లు తేలాకే సంతకాలు పెట్టాం. నీళ్లు ముందుగా అందే కాలవ పక్క ఎకరాన్ని అమ్మ షెడ్యూలులో రాయించాం.