ఖాతా ఆగిపోయిన ఆ 11 రోజులు

మంగళవారం పొద్దున్నే లాగిన్ అవుదామని చూస్తే ఫీడ్ రాలేదు. దాని బదులు ఓ ఖాళీ పేజీ, మధ్యలో "మీ ఖాతాపై తాత్కాలికంగా ఆంక్షలు విధించాం" అని ఒక వాక్యం, కింద నియమాల లింకు, ఒక బటన్. ఏ నియమం తప్పాను, ఎప్పుడు తప్పాను, ఒక్క ముక్క లేదు. సైటు పేరు ఇక్కడ అనవసరం, ఉద్యోగ పరిచయాల కోసం నడిచే సైట్లన్నీ ఇలాంటప్పుడు దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి.

సరిగ్గా అప్పుడే ఒక రిక్రూటర్‌తో మాటలు నడుస్తున్నాయి. ఇంటర్వ్యూకి మూడు తేదీలు ఇచ్చి ఏదో ఒకటి చెప్పండి అన్నారావిడ, నేను రేపు చెబుదాంలే అని పడుకున్నాను. ఆవిడ మెయిల్ నా దగ్గర లేదు, ఫోన్ నంబర్ లేదు, కంపెనీ పేరు కూడా సగమే గుర్తుంది, ఎందుకంటే అన్నీ ఆ చాట్‌లోనే ఉన్నాయి కదా అనే ధీమా. రెజ్యూమేలో పైన ఇచ్చిన లింకు నొక్కితే పేజీ లేదంటోంది. సాయంత్రం పాత కొలీగ్ ఫోన్ చేసి "ఏంట్రా, నన్ను బ్లాక్ చేశావా?" అన్నాడు. అవతలివాళ్లకి అలాగే కనిపిస్తుందని అప్పుడు తెలిసింది.

మొదటి అప్పీలు కోపంలో రాశాను. చాలా పొడుగ్గా. ఎన్నేళ్లుగా వాడుతున్నానో, ఎంతమందికి ఉద్యోగాలు చూపించానో, ప్రీమియం కూడా కట్టానో, చివర్లో "నేను ఏ తప్పూ చేయలేదు" అని గట్టిగా. రెండు రోజులకి జవాబు వచ్చింది, మూడు లైన్లు, నిర్ణయంలో మార్పు లేదని. మనిషి చదివాడో లేదో తెలియదు. చదివినా నన్ను నమ్మడానికి కారణం లేదు, ఎందుకంటే నేను చెప్పింది నిజం కాదు.

నెల క్రితం బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వేసుకున్నాను. ఫలానా హోదా ఉన్నవాళ్లని వెతికి, ఒక్కొక్కరి ప్రొఫైల్ తెరిచి, నన్ను కాంటాక్ట్‌గా చేర్చుకోమని దానంతట అదే ఇన్విటేషన్ పంపుతుంది. రోజుకి 60 అని పెట్టి వదిలేశాను. మధ్యమధ్యలో ఆగి మరీ పంపుతుంది, మనిషి చేసినట్టే ఉంటుంది, ఎవరూ పట్టుకోలేరు అని వాళ్ల పేజీలో రాసుంటే నమ్మాను. ఖాతా పోయాక కూర్చుని చదివితే అర్థమైంది, పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. ఎక్స్‌టెన్షన్ ఆ పేజీలోకి తన కోడ్ చొప్పించి బటన్లు అతికిస్తుంది, సైటు వాళ్ల స్క్రిప్టు తన పేజీని తాను చూసుకుంటే అవి కనిపిస్తాయి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు తమ ఫైళ్లలో కొన్నింటిని వెబ్ పేజీలకు తెరిచి ఉంచుతాయి, ఆ ఫైలు ఉందా అని అడిగితే చాలు, గుట్టు బయటపడుతుంది. ఇదంతా వదిలేసినా, ముక్కూ మొహం తెలియని వందల మందికి ఇన్విటేషన్లు వెళ్లి, పది మంది కూడా ఒప్పుకోక, కొందరు "ఈయన నాకు తెలియదు" అని నొక్కితే ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇంకో సంగతి నన్ను నిజంగా భయపెట్టింది. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే అయిపోతుందనుకున్నాను. దానికి క్లౌడ్ మోడ్ అని ఒకటి ఉంది, నేనే ఆన్ చేశాను, కంప్యూటర్ ఆపేసినా పని నడుస్తుందని. అంటే నా బ్రౌజర్‌లోని సెషన్ కుకీని, నేను లాగిన్ అయి ఉన్నానని సైటుకి చూపే చిన్న గుర్తుని, తీసుకుని వాళ్ల సర్వర్ నుంచి నా పేరుతో లోపల కూర్చుందన్నమాట. కుకీ చేతిలో ఉంటే పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఫోన్‌కి వచ్చే కోడ్ కూడా అక్కర్లేదు. నేను ఒక చోట, అదే సమయంలో నా ఖాతా ఇంకో దేశంలో. సైటు కంటికి అది దొంగతనంలాగే ఉంటుంది, ఒక రకంగా దొంగతనమే, కాకపోతే తాళం నేనే ఇచ్చాను. అదృష్టం కొద్దీ పాస్‌వర్డ్ మార్చే దారి మాత్రం తెరిచే ఉంది. మార్చేటప్పుడు "అన్ని పరికరాల నుంచి లాగౌట్" అనే చోట టిక్ పెట్టాను. ముందు ఆ పని చేయకుండా అప్పీలు పంపితే ఏం లాభం, ఖాతా తిరిగొచ్చిన గంటకే అది మళ్లీ మొదలెట్టేది.

ఈలోగా రెండు బుద్ధులు పుట్టాయి. ఒకటి, ఇంకో మెయిల్‌తో కొత్త ఖాతా తెరవడం. సగం నింపి ఆపేశాను. అదే ఫోన్, అదే బ్రౌజర్, అదే ఫొటో, దొరికిపోవడం ఖాయం, పైగా అది రెండో తప్పవుతుంది. రెండోది, వేరే చోట నా గోడు పోస్టు చేస్తే పావుగంటలో ముగ్గురు వచ్చారు, "లోపల మనవాళ్లున్నారు, 24 గంటల్లో తెప్పిస్తాం" అంటూ. ఒకడు పాస్‌వర్డ్ అడిగాడు, ఇంకొకడు ముందు డబ్బు అడిగాడు. వీళ్లకి పనే ఇది, "ఖాతా ఆగిపోయింది" అని ఎవరు ఎక్కడ రాసినా వాలిపోతారు.

ఆ తర్వాత, ఖాతా నాదేనని చూపించమని సైటు అడిగిన గుర్తింపు కార్డు గొడవ. మొదటి ఫొటో లైటు పడి మెరిసింది, తిరస్కరించారు. రెండోది కూడా పోయింది, ఈసారి పేరు కుదరలేదని. ప్రొఫైల్‌లో నా పేరు ముందు ఒక ఇనీషియల్, వెనక ఒక డిగ్రీ, కార్డులో ఇంటిపేరు పూర్తిగా. నాకు ఇద్దరూ నేనే, తనిఖీ చేసే యంత్రానికి మాత్రం ఇద్దరు మనుషులు. ఖాతా మూసి ఉండగా పేరు దిద్దుకోలేం కాబట్టి ఆ తేడా ఎందుకొచ్చిందో అప్పీల్లోనే రాశాను. మూడోసారి కార్డుని ముదురు రంగు బల్ల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా, నాలుగు మూలలూ కనబడేలా తీశాను.

రెండో అప్పీలు ఇంతే: "ఫలానా తేదీ నుంచి ఇన్విటేషన్లు పంపే ఎక్స్‌టెన్షన్ వాడాను. అది నియమాలకు విరుద్ధమని ఇప్పుడు తెలుసు. దాన్ని తీసేశాను, పాస్‌వర్డ్ మార్చి అన్ని సెషన్లూ మూసేశాను. కార్డులో పేరు పూర్తిగా ఉంది, ప్రొఫైల్‌లో పొట్టిగా ఉంది, తెరిస్తే సరిచేస్తాను." పంపి ఊరుకున్నాను. రోజూ ఒక గుర్తుచేసే మెయిల్ పంపాలని చేయి లాగింది, పంపలేదు.

తప్పు నాదైనా ఒక మాట అనకుండా ఉండలేను. కారణం చెప్పకుండా తలుపు మూయడం మర్యాద కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2022 నాటి డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ ఉంది, అందులో 17వ ఆర్టికల్ ప్రకారం ఖాతా ఆపితే ఎందుకు ఆపారో స్పష్టంగా రాసివ్వాలి, 20వ ఆర్టికల్ ప్రకారం అప్పీలు నిర్ణయాన్ని పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదు. ఆ మొదటి రోజే ఎక్స్‌టెన్షన్ అనే ఒక్క మాట చెప్పి ఉంటే నేను అంత కోపంగా అంత అబద్ధం రాసేవాణ్ణి కాదేమో. ఏమో, రాసేవాణ్ణేనేమో కూడా.

పదకొండో రోజు రాత్రి తెరుచుకుంది. ముందు చేసిన పని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి నా డేటా కాపీ అడగడం. కాంటాక్ట్‌ల పేర్లు, హోదాలు వచ్చాయి గానీ మెయిళ్లు చాలా తక్కువ, ఎవరు బయటపెట్టడానికి ఒప్పుకున్నారో వాళ్లవే. రిక్రూటర్‌కి రాశాను, ఆ పోస్టు నిండిపోయిందన్నారు, అడిగితే మెయిల్ ఐడీ ఇచ్చారు.

ఇప్పుడు రోజూ కాసేపు కూర్చుని పెండింగ్‌లో ఉన్న పాత ఇన్విటేషన్లని చేత్తో ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటున్నాను, ఇంకా 700 పైనే ఉన్నాయి. నిన్న నేను తీసేలోపే ఒకాయన ఒప్పేసుకుని, "మనం ఎక్కడ కలిశామండీ?" అని మెసేజ్ పెట్టారు. ఎక్కడా కలవలేదండీ అని రాసి, ఎందుకు పంపానో కూడా చెప్పాను. చూసినట్టు టిక్ పడింది, జవాబు ఇంకా రాలేదు.