చింతచెట్టుకు హెచ్ పెట్టాలా వద్దా

తమ్ముడు ఫోన్ పెట్టేసి చాలాసేపయింది. వాడి మామిడి తాండ్ర వ్యాపారానికి వెబ్‌సైట్ చేసే అబ్బాయి అన్న మాట మాత్రం నిద్ర పట్టనివ్వడం లేదు. "సైటు పేరు నా అకౌంట్‌లోనే తీసుకుంటా అక్కా, మీకెందుకు టెన్షన్?"

అదే కదా నా టెన్షన్! డొమైన్, అంటే ఆ సైటు పేరు, ఒకసారి డబ్బు కట్టేస్తే మనదైపోయేది కాదు, అద్దెకు ఉండడమే. ఏడాదికోసారి కట్టాలి, లేదంటే పదేళ్లకు మించకుండా ముందే కట్టుకోవాలి. ఎవరి పేరుతో, ఎవరి ఈమెయిల్‌తో రిజిస్టరైతే పెత్తనం వాళ్లది. రేపు ఆ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం వస్తే? రెన్యువల్ మెయిల్ అతనికి పోతుంది, అతను చూడడు, మామిడి తాండ్ర సీజన్‌లో మావాడి సైటు మాయం. డాట్ కామ్‌లో గడువు దాటి పేరు తీసేశాక కూడా 30 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ దానికి వేరే దండుగ. ఇదంతా చెబితే తమ్ముడు "పిల్లోడు మంచోడే అక్కా" అంటాడు. చెడ్డోడని నేనన్నానా?

ఆ ధరలు ఇంకో గోల. మొదటి ఏడాది ధర ఇంత లావు అక్షరాల్లో, రెండో ఏడాది ధర వెతుక్కుంటే గాని కనిపించదు. డబ్బు కట్టేముందు అడగని సర్వీసులకు టిక్కులు పెట్టి ఉన్నాయి. ఒక్కోటీ తీసేసేసరికి నా బీపీ పెరిగింది.

పేరు సంగతి చెప్పలేదు కదూ. శ్రీనివాస, బాలాజీ, పద్మావతి, గోవింద... ఈ ఊళ్లో మిగిలిన పేరేముంది? కొన్నింటిని ఎవరో తీసుకుని ఖాళీగా పెట్టి, కావాలంటే అమ్ముతాం అంటున్నారు. పేరుకు ముందు తిరుపతి అని తగిలిద్దాం అన్నాడు తమ్ముడు. వద్దన్నాను. నకిలీ సైట్లు నమ్మొద్దని దేవస్థానం వాళ్లు ఎప్పుడూ మొత్తుకుంటూనే ఉంటారు. 2024లో తమ సైటు పేరు కూడా మార్చి టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ చేశారు. ఆ గవ్ డాట్ ఇన్ తోక ప్రభుత్వానికి తప్ప ఇంకొకరికి ఇవ్వరు. తోక ఎవరు చూస్తారు గానీ! కొండమీద గది కోసం వెతికేవాళ్లు తాండ్ర సైటుకొచ్చి ఆధార్ నంబర్ పంపినా పంపుతారు.

పొట్టి పేరు పెట్టరా అని గంట వాదించాను. 63 అక్షరాల దాకా కుదురుతుందట, అంత పొడుగు ఎవడు టైప్ చేస్తాడు?

వాదిస్తుంటే చిత్తూరులో నాయన అద్దె సైకిళ్ల అంగడి బోర్డు గుర్తొచ్చింది. పెయింటర్ అక్షరానికి ఇంత అని రేటు చెప్పాడు. 'శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర సైకిల్ టాక్సీ' అని రాయాలంటే వత్తులు కూడా లెక్కే అన్నాడు. వత్తు అక్షరమెట్లా అవుతుందని నాయన, బ్రష్ దానికీ తిరగాలి కదయ్యా అని అతను. నేను బడి ఎగ్గొట్టి మరీ చూశాను. దేవుడి పేరు తగ్గించేది లేదని నాయన పట్టు. చివరికి రేటు కుదిరింది, చోటు కుదరలేదు. టాక్సీ మూలకు పోయి చీమంత అయింది. అమ్మ ఆ బోర్డు చూసి మూడు రోజులు నవ్వింది, నాయన ఆమెతో మాట్లాడలేదు. ఇంతా చేస్తే ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరికీ అది 'చింతచెట్టు కాడ సైకిల్ షాపే'.

అంటే పొట్టా పొడుగా అన్నది కాదు. జనం నోట్లో ఉన్న పేరైతే చాలు. తమ్ముడి ఇంటిని ఇప్పటికీ చింతచెట్టోళ్ల ఇల్లనే అంటారు. మరి అదే పెట్టొచ్చుగా? మామిడి తాండ్రకు చింతచెట్టు పేరేంటే అని మా ఆయన. పులుపుందని అనుకుంటారులెండి అన్నాను.

అయితే ఇంగ్లీషులో రాసేటప్పుడు చింతలో టీ పక్కన హెచ్ ఉండాలా వద్దా? సగం మంది పెడతారు, సగం మంది పెట్టరు. రెండూ తీసుకుంటే రెండు అద్దెలు. డాట్ భారత్ తోకైతే పేరంతా తెలుగు లిపిలోనే ఉంటుంది, హెచ్ గొడవే లేదు. కానీ లోపల అది ఎక్స్ఎన్ అని మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాలుగా మారుతుంది. కొన్నిచోట్ల లింకు అట్లాగే కనిపిస్తే వైరస్ అనుకుని జనం తాకరు. హెచ్ లేకుండా డాట్ ఇన్ తీసుకుందాం, ఖాళీగానే ఉంది.

తమ్ముడి ఈమెయిల్‌తో వాడి పేరు మీదే అకౌంట్ తెరవమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను. వాడూ మేలుకునే ఉన్నాడు. వాడి ఈమెయిల్ పాస్‌వర్డ్ ఆ అబ్బాయికే తెలుసట.