పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్తే దొరకని జబ్బు

నేను హన్మకొండ దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. 2021 చివర్లో, నాలుగో పీరియడ్ వచ్చేసరికి నా మాట ముక్కుతో మాట్లాడినట్టు అయిపోయేది, ఎడమ రెప్ప వాలిపోయేది, వెనక బెంచీ పిల్లలు "టీచర్ నిద్రపోతున్నరు" అని నవ్వుకునేవాళ్లు. కళ్ల డాక్టరు అద్దాలు మార్చారు. ఇంకొకరు టెన్షన్ అన్నారు. చిక్కేంటంటే రాత్రి పడుకుని లేస్తే అన్నీ మామూలే, ఓపీలేమో పొద్దున్నే, అక్కడ కూర్చుంటే నాకే రోగమూ లేనట్టు ఉండేది. "నిజంగానే వాలుతోందా?" అని మా ఆయనే అడిగారు. ఆ మాట ఇంకా మర్చిపోలేదు.

సంక్రాంతికి సకినాలు తింటుంటే దవడ అలిసిపోయి చేత్తో పట్టుకుని నమలాల్సి వచ్చింది, నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చాయి. అప్పుడు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. తల కదపకుండా పైన ఫ్యాను వైపే చూస్తూ ఉండమన్నారు. నిమిషంలో రెప్ప దిగింది. గ్లౌజులో ఐసు వేసి దానిమీద రెండు నిమిషాలు పెడితే మళ్లీ లేచింది! మా ఆయన ముఖం చూడాలి అప్పుడు.

మయస్థీనియా గ్రేవిస్. నరం పంపే సంకేతాన్ని కండరం అందుకునే చోటును మన యాంటీబాడీలే దెబ్బతీస్తాయి, అందుకే వాడేకొద్దీ నీరసం. ఛాతీ సీటీ రాస్తే కంటికీ ఛాతీకీ సంబంధమేంటో అర్థం కాలేదు. రొమ్ము ఎముక వెనక, థైమస్ గ్రంథిలో గడ్డ ఉంది. థైమోమా అనే క్యాన్సర్. మయస్థీనియా ఉన్న వందమందిలో 10-15 మందికి ఇది ఉంటుందట. ఎవరు మనవాళ్లో ఎవరు కాదో తెల్లకణాలకు నేర్పే బడే థైమస్, ఆ బడే చెడిపోయింది. ఏడ్చాను, కానీ నేను నటించలేదని తేలినందుకు కాస్త ఊరటగా కూడా అనిపించింది.

ఆపరేషన్ తర్వాత ఊపిరి కండరాలు మొరాయించకుండా ముందే ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ (వేరేవాళ్ల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. గడ్డ పొర దాటలేదు, రేడియేషన్ తప్పింది. గడ్డ తీసేస్తే మర్నాడే బాగవుతాననుకున్నా, కానీ యాంటీబాడీలు అంత తొందరగా పోవట. తిండికి అరగంట ముందు నరం సంకేతం కండరానికి బాగా అందేలా చేసే పిరిడోస్టిగ్మిన్ గోలీ, పైగా స్టీరాయిడ్లు, ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. నాలుగో పీరియడ్‌లో గొంతు నిలబడటానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇప్పటికీ ఏడాదికోసారి సీటీ తీయించుకుంటాను. కండరాల నీరసాన్ని ఇంకా పెంచే, నేను వాడకూడని మందుల చీటీ పర్సులోనే ఉంటుంది. మొన్న మోషన్లవుతుంటే మెడికల్ షాపు అబ్బాయి సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాడు, అదీ ఆ చీటీలో ఉంది. చీటీ చూపించి వాపసిచ్చాను. "రెప్ప వాలే రోగానికీ మోషన్ల గోలీకీ ఏం సంబంధం మేడం?" అన్నాడు.