స్ట్రూప్ ప్రయోగం: ప్రాక్టికల్స్‌లో నేను చేయించే పద్ధతి

సైకాలజీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్ దేనితో మొదలుపెట్టాలంటే స్ట్రూప్ ప్రయోగంతోనే అంటాను. రెండు కార్డులు, ఒక స్టాప్‌వాచ్ చాలు. ఫలితం దాదాపు ఎప్పుడూ వస్తుంది కాబట్టి ధ్యాసంతా పద్ధతి మీదే పెట్టవచ్చు.

ఎర్ర సిరాతో "నీలం" అని రాసి, రంగు మాత్రమే చెప్పమంటే నాలుక తడబడుతుంది. 1935లో అమెరికన్ సైకాలజిస్టు జాన్ రిడ్లీ స్ట్రూప్ వందమంది విద్యార్థులతో చేసినప్పుడు, వంద రంగు గళ్ల పేర్లు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పట్టింది. వేరే రంగులో అచ్చయిన వంద పదాల సిరా రంగు చెప్పడానికి 110.3 సెకన్లు. చదవడం ఎంత అలవాటైపోయిందంటే, వద్దనుకున్నా ఆగదు.

ఎక్కువ సమయం కార్డుల తయారీకే ఇవ్వాలి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు తీసుకుంటాను. పసుపు తెల్ల కాగితం మీద సరిగా ఆనదు. మొదటి కార్డులో ఉత్త రంగు గళ్లు, రెండోదాంట్లో పొసగని పదాలు, అంటే పదం ఒక రంగు పేరు, సిరా మరో రంగు. ఒక్కోదాంట్లో ఎనిమిది వరుసలు, వరుసకు ఆరు, మొత్తం 48. నాలుగు రంగులతో పొసగని జతలు 12 వస్తాయి, ఒక్కో జత నాలుగుసార్లు. అలా ప్రతి రంగూ రెండు కార్డుల్లోనూ 12 సార్లే వస్తుంది. "ఆకుపచ్చ" అనడానికి "నీలం" కంటే ఎక్కువసేపు పడుతుంది, కానీ రెండువైపులా లెక్క సమానం గనక తేడా మీద ఆ ప్రభావం పడదు. ఒకే రంగు వెంటవెంటనే రాకూడదు. ముందు పదంగా కనిపించిన పేరే తర్వాతి సిరా రంగు కాకూడదు కూడా: అప్పుడే అణచిపెట్టిన పేరును మళ్లీ పైకి తేవడం ఆలస్యమవుతుంది, అది వేరే ప్రభావం.

అందరికీ గళ్లు ముందు, పదాలు తర్వాత ఇస్తే అలసట, అభ్యాసం రెండూ ఫలితంలో కలిసిపోతాయి. సగంమందికి గళ్లు–పదాలు–పదాలు–గళ్లు, మిగతా సగానికి దీనికి తిరగేసిన క్రమం. ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు సగటు తీయాలి.

పాల్గొనేవారి అంగీకారం తీసుకుని, ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలుస్తుందో లేదో ముందే అడగాలి. సూచనలు కాగితం చూసి చదవాలి, అందరికీ అవే మాటలు. తప్పు చెబితే సరిదిద్దుకుని సాగాలి. తప్పులు విడిగా రాసుకోవాలి. కొందరు కళ్లు సగం మూసి అక్షరాలు మసకబారేలా చూస్తారు. అప్పుడు పదం చదవబడదు, తేడా తగ్గిపోతుంది. అది గమనిస్తే ఆ కార్డు మళ్లీ చేయించండి. ఒక్కో పదానికి వాచీ నొక్కడం వద్దు, మన వేలి ఆలస్యమే ఫలితాన్ని మింగేస్తుంది. కార్డు మొత్తానికి సమయం తీస్తే అది లెక్కలోకి రాదు.

మన దగ్గర మరీ ముఖ్యమైనది లిపి. తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లలో చాలామంది తెలుగు పదం కూడబలుక్కుంటారు. వాళ్లకు తెలుగు కార్డు ఇస్తే ఆటంకం తక్కువగా కనిపిస్తుంది. ధారాళంగా చదివే లిపిలోనే కార్డు ఇవ్వాలి.

ఇరవైమంది చాలు. ఒక్కొక్కరి తేడా తీసి జత టీ-పరీక్ష (ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చిందా అని చూసే లెక్క) చేస్తే స్వేచ్ఛాంకాలు (మనుషుల సంఖ్యలో ఒకటి తక్కువ) 19, 0.05 స్థాయిలో, రెండు వైపులా చూస్తే, టీ విలువ 2.093 దాటాలి. ఒకే మనిషి రెండు కార్డులూ చేశాడు కనుక స్వతంత్ర సమూహాల టీ-పరీక్ష ఇక్కడ పనికిరాదు. రికార్డుల్లో ఎక్కువగా దిద్దేది ఇదే.

చర్చలో మెదడు గురించి రాయండి, హద్దు దాటకుండా. ఇలాంటి పనిలో యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్, ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చురుగ్గా ఉంటాయని స్కానింగ్ అధ్యయనాలు చూపాయి. స్టాప్‌వాచ్ కొలిచింది సమయాన్నే. "మా ప్రయోగంలో సింగ్యులేట్ పనిచేసింది" అన్న వాక్యం కనిపిస్తే నేను కొట్టేస్తాను.

అనుభవ నివేదిక, అంటే చేస్తున్నప్పుడు ఏమనిపించిందో పాల్గొన్నవాళ్లు తమ మాటల్లో రాసేది, మాత్రం కార్డులు పూర్తయిన వెంటనే, ప్రయోగం దేనికోసమో చెప్పకముందే రాయించండి. చెప్పాక రాయిస్తే మీ వివరణే వాళ్ల మాటల్లో తిరిగి వస్తుంది.