మైనస్ ఆరు దాటిన సైటు

మా అక్క కూతురికి సైటు మైనస్ తొమ్మిది. కందుకూరులో ఏ పెళ్లికి వెళ్లినా "ఏందమ్మా ఈ సోడాబుడ్డి అద్దాలు, లేజర్ చేయించండి, పోద్ది" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. లేజర్ పనికొస్తుందని డాక్టరు చెబితే అద్దాలు పోవచ్చు, కాదనను. కానీ పోనిది ఇంకొకటి ఉంది, నా బాధ దాని గురించే.

మైనస్ ఆరు, ఆపైన ఉంటే డాక్టర్లు హై మయోపియా అని రాస్తారు. ఆ అంకెకు కొలత డయాప్టర్. వందను ఆ అంకెతో భాగిస్తే అద్దాలు లేకుండా ఎన్ని సెంటీమీటర్ల వరకు స్పష్టంగా కనబడుతుందో తెలుస్తుంది. మా పిల్లకి 11, ఆ తర్వాత అంతా మసకే.

పెద్దవాళ్లలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి మామూలుగా 24 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, హై మయోపియా వాళ్లలో చాలామందికి అది 26 దాటిపోతుంది, అలా సాగినప్పుడు లోపల వెనకవైపు ఉండే రెటీనా, అంటే చూపునిచ్చే పొర, కూడా సాగి పలచబడుతుంది. లేజర్ సరిచేసేది కార్నియాని, అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొరని. వెనక సాగింది సాగినట్టే ఉంటుంది, సైటు సున్నా అయినా సరే.

రిపోర్టులో పాథలాజికల్ మయోపియా అని ఉంటే మాత్రం అది ఉత్త అంకె సంగతి కాదు, కంటి వెనక భాగం దెబ్బతింటోందని అర్థం. స్టాఫిలోమా అంటే కంటి వెనక గోడ ఒకచోట బయటికి ఉబ్బడం. మయోపిక్ సీఎన్‌వీ అంటే రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు పుట్టడం, గీతలు వంకరగా కనిపించడం మొదలైతే దీన్ని అనుమానించాలి, త్వరగా వెళ్తే కంట్లో ఇంజెక్షన్లతో అదుపు చేస్తారు.

కంట్లో మెరుపులు, ఉన్నట్టుండి నల్లచుక్కలు ఎక్కువవడం, పక్కనుంచి తెర కమ్మినట్టు ఉండడం, వీటిలో ఏది వచ్చినా రెటీనా చిరిగిందేమో, ఊడుతోందేమో చూడాలి. నొప్పి ఉండదు కాబట్టి సంక్రాంతి అయ్యాక చూద్దాంలే అనుకుంటారు. దయచేసి ఆ రోజే బయల్దేరండి. ఒంగోలులోనో నెల్లూరులోనో రెటీనా డాక్టరు ఎక్కడున్నారో ఇప్పుడే కనుక్కొని నంబరు పెట్టుకోండి.

ఏ ఇబ్బందీ లేకపోయినా, లేజర్ అయినవాళ్లయినా, ఏడాదికోసారి కంటిపాపని పెద్దది చేసే చుక్కల మందు వేయించుకొని రెటీనా చూపించుకోవాలి. ఆ మందుకి కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, బండి మీద వెళ్లకండి, తోడు ఎవరినైనా తీసుకెళ్లండి.